నా మొదటి నవల – అయిదు వందల కాపీలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

యాభై దాటాక నవల అచ్చు వేయించుకున్న ఇంజనీరుగా నా అనుభవం చెప్పమని సంఘం వారు అడిగారు. "రాస్తే ఏమైనా మిగులుతుందా సార్?" అని మన జూనియర్లు కొందరు ఇందాకే అడిగారు. లెక్కలతోనే చెబుతాను. ముప్పై ఏళ్ళు సాగునీటి పనులకు అంచనాలు వేసిన చెయ్యి కదా!

ముందు ఎందుకు రాశానో చెప్పాలి. మాది శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరు. 1981లో ఊరు ఖాళీ చేసి వచ్చాక ఈ బడిలో ఎనిమిదో తరగతిలో చేరాను. తెలుగు మాస్టారు 'మా ఊరు' మీద వ్యాసం రాయమన్నారు. 'మా ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది' అని మొదలుపెట్టాను. అందరూ 'ఉంది' అని రాసిన చోట నేను 'ఉండేది' అని రాశాను. మాస్టారు దాన్ని దిద్దలేదు. ఇంకో రెండు పేజీలు రాసుకు రమ్మన్నారు.

ఉద్యోగంలో చేరాక ముంపు గ్రామాల పట్టికలు చాలా చూశాను. వరుస సంఖ్య, ఊరి పేరు, ఎకరాలు, ఇళ్ళు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఏ ఇంటి అరుగు మీద ఎవరు కూర్చునేవారో రాసుకోవడానికి ఏ పట్టికలోనూ గడి లేదు. వేసవిలో నీళ్ళు బాగా తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, జనం వెళ్ళి దండం పెట్టుకుని వస్తారు. మా మట్టి మిద్దెలు అలా బయటపడవు, ఎప్పుడో కరిగిపోయాయి. వాటి కోసం రాశాను.

ఐదేళ్ళు పట్టింది. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా. రిపోర్టులో తేలని విషయం ఉండకూడదు. నవలలో అన్నీ మనమే తేల్చేస్తే చదివేవారికి పనుండదు. ఈ తేడా వంటబట్టడానికే మూడు చిత్తుప్రతులు అయ్యాయి.

ఇక అచ్చు సంగతి. వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' కూడా 1878లో మొదట పత్రికలో భాగాలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. మా చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్ వస్తే చాలు, కొత్త రచయిత పేరు ఊరూరా తెలిసేది. ఇప్పుడా దారి బాగా సన్నబడింది. ఒక పోటీకి పంపాను, ఫలితాల్లో నా పేరు లేదు. ఒక ప్రచురణకర్త ఎనిమిది నెలలు ఉంచుకుని ఉత్తరం ముక్క లేకుండా తిప్పి పంపారు. ఇంకొకరు "ఖర్చు మీరు పెట్టుకుంటే మా పేరు వేస్తాం" అన్నారు. "పాత కారే ఇంకో ఐదేళ్ళు నడుస్తుందిలెండి" అని మా ఇంటావిడ ఒప్పుకుంది. నేను యూనికోడ్‌లో టైపు చేసిన ప్రతిని డీటీపీ వారి అను ఫాంట్లలోకి మారిస్తే సగం వత్తులు ఎగిరిపోయాయి. మళ్ళీ మూడుసార్లు ప్రూఫులు.

లెక్క ఇదీ: 240 పేజీలు, 500 కాపీలు, ఖర్చు 70 వేలు. వెల 200 రూపాయలు, దుకాణాల వారికి నూటికి 40 కమీషన్. మొదటి ఏడాది 160 అమ్ముడుపోయి 19,200 రూపాయలు చేతికొచ్చాయి. "నాకో కాపీ ఇవ్వవూ?" అన్న బంధుమిత్రులకు 130 వెళ్ళాయి. ఏమైనా మిగిలిందా అంటే మిగిలాయి, మంచం కింద 210 కాపీలు.

ఆవిష్కరణ సభకు మా ఊరివాళ్ళు వచ్చారు. మా మేనమామ అందరి ముందూ అడిగాడు: "ఏమప్పా, నీళ్ళ శాఖలో జీతం తీసుకుంటివి, ఇప్పుడు మునిగిన ఊరి మీద పుస్తకం అమ్ముతావా?" కాపీ ముట్టుకోలేదు. ఆయన అడిగింది న్యాయమే. కాలువ కింద పచ్చబడ్డ పొలాలూ చూశాను, నీళ్ళ కిందికి పోయిన మిద్దెలూ చూశాను. రెండూ చూసినవాణ్ణి కాబట్టే రాయాలనుకున్నానని చెప్పాను. ఆయన తల ఊపలేదు.

కాసేపటికి ఒక మూల గొడవ మొదలైంది. నలభై ఏళ్ళుగా తలో ఊళ్ళో ఉంటున్న ముసలివాళ్ళు ముగ్గురు, నవల మాట వదిలేసి, దిగుడుబావి ఎవరి మిద్దె పక్కన ఉండేదని వాదులాడుకుంటున్నారు. చివరికి నా పెన్ను తీసుకుని పుస్తకంలోని ఆఖరి ఖాళీ పేజీ మీద ఊరి పటం గీశారు. వీధులు, రచ్చకట్ట, బావి, ఇంటింటి పేరు. మామ దూరం నుంచి చూసి చూసి, "ఆ ఇల్లు ఆడ కాదప్పా" అంటూ వచ్చి వేలు పెట్టాడు. ఆ పటానికి స్కేలు లేదు, ఉత్తర దిక్కు చూపే బాణం లేదు. ఇంటి పేర్లతో సహా మా ఊరికి ఉన్న పటం అదొక్కటే.

రాయాలని ఉన్నవారికి ఒక్క మాట. ముందు వంద, రెండు వందల కాపీలే వేయించండి, ఇప్పుడు అడిగినన్నే వేసే ప్రెస్సులున్నాయి. డబ్బు మిగలకపోయినా దిగులుపడకండి. మీరు రాయదలచుకున్న సంగతి తెలిసిన పెద్దవాళ్ళు ఎనభై దాటి ఉంటారు, వాళ్ళను ఈ ఏడే వెళ్ళి అడగండి. నవల వచ్చే ఏడు రాసుకోవచ్చు.

మన బడి గ్రంథాలయానికి రెండు కాపీలు ఇచ్చాను. మిగిలినవి మంచం కిందే ఉన్నాయి. దయచేసి ఊరికే అడగకండి, కొనుక్కుని చదవండి!