పునరుద్ధరణ అనే మాట – మన పింఛను
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి, "కమ్యుటేషన్ పునరుద్ధరణ మీద నాలుగు మాటలు చెప్పండి, సభ్యులు రోజూ అడుగుతున్నారు" అన్నారు. నేను ఉద్యోగమంతా డ్రాఫ్టులు రాసిన గుమాస్తాను. కనుక ముందు ఆ మాట సంగతి చూసి, తర్వాత లెక్కలోకి వస్తాను. మాట సరిగ్గా బోధపడక ట్రెజరీ చుట్టూ తిరుగుతున్నవారు మనలో తక్కువేమీ కాదు.

వెనకటి స్థితికి వెళ్ళడాన్ని చెప్పే మాటలు మన ఆఫీసుల్లో చాలా ఉండేవి. అన్నింటిలోకీ భయపెట్టేది ‘రివర్షన్’. పైపోస్టులో తాత్కాలికంగా కూర్చున్నవాణ్ణి మళ్ళీ పాత కుర్చీకి పంపడమన్నమాట. ఇది శిక్షా, కాదా అన్న వివాదం రైల్వే ఉద్యోగి పురుషోత్తంలాల్ ధింగ్రా కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ పోస్టు మీద హక్కు లేనివాణ్ణి మామూలుగా వెనక్కి పంపితే అది శిక్ష కాదనీ, శిక్షగా పంపేటట్లయితే మాత్రం రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చి తీరాలనీ 1957లో తీర్పు వచ్చింది. ఆ రోజుల నుంచి వచ్చినవాళ్ళం మనం. ఇప్పుడు మా మనవడు "మేనేజరు రేపు రివర్ట్ అవుతానన్నాడు తాతయ్యా" అంటే, పాపం ఆయనకేమైందిరా అని అడిగాను. జవాబిస్తానన్నాడట, అంతే!

‘రీఇన్‌స్టేట్‌మెంట్’ అన్నది మంచి మాట. సస్పెన్షనులో ఉన్నవాణ్ణి మళ్ళీ విధుల్లోకి తీసుకోవడం. దీన్ని పత్రికలవారు ‘పునర్నియామకం’ అని రాస్తూంటారు. నాకది నచ్చదు. పునర్నియామకమంటే కొత్తగా ఉద్యోగమివ్వడం, పాత సర్వీసుతో ముడి తెగిపోవచ్చు. విధుల్లోకి తిరిగి తీసుకున్నప్పుడు ఆ ముడి తెగదు. పైగా ఎఫ్.ఆర్. 54-బి ప్రకారం ఆ మధ్యకాలాన్ని డ్యూటీగా లెక్కిస్తారో లేదో, జీతమెంతో విడిగా ఉత్తర్వు రాయాలి. ఒక్క మాట తేడాతో ఇంక్రిమెంట్లూ పింఛనూ మారిపోతాయి.

ఇలాంటిదే కోర్టు కాగితాల్లో ఇంకొకటి. ‘యథాతథ స్థితి’ అంటే ఇవాళ ఎలా ఉందో అలాగే ఉంచమని. ‘యథాపూర్వ స్థితి’ అంటే గొడవకు ముందు ఎలా ఉండేదో అలా చేయమని. మీ ఇంటి స్థలంలో పక్కవారు రాత్రికి రాత్రి గోడ లేపారనుకోండి. మొదటి ఉత్తర్వు వస్తే గోడ నిలిచే ఉంటుంది, రెండోది వస్తే పడుతుంది. సంబరంగా స్వీట్లు పంచే ముందు ఏది వచ్చిందో వకీలుగారిని అడగండి.

ఇక పునరుద్ధరణ. పునః అంటే మళ్ళీ, ఉద్ధరణ అంటే పైకెత్తడం. ‘తిరిగి పునరుద్ధరించవలెనని ప్రార్థన’ అని అర్జీల్లో రాస్తున్నారు, అందులో ‘తిరిగి’ దండగ. సరే, దానివల్ల ఎవరి పింఛనూ ఆగదు. ఇబ్బందల్లా, ఏది పైకి లేస్తుందన్న దగ్గరే వస్తోంది.

లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వంలో అరవై ఏళ్ళకు రిటైరైన ఒకాయన పింఛను 10,000 రూపాయలు అనుకుందాం. నూటికి 40 వంతులు, అంటే నెలకు 4,000 కమ్యూట్ చేశాడు. పట్టికలో అతని వయసుకు గుణకం 8.194. నాలుగు వేలను పన్నెండుతోనూ, దాంతోనూ హెచ్చవేస్తే 3,93,312 రూపాయలు చేతికొచ్చాయి. ఆనాటి నుండి నెలకు 4,000 కోత. పదిహేనేళ్ళకు కోత మొత్తం 7,20,000. వడ్డీ ఉంటుంది, మధ్యలో పోయేవారి తాలూకు నష్టభయమూ ఉంటుంది, కాదనను. అయినా ఈ గడువు ఎక్కువేనని నా అభిప్రాయం. కేరళలో పన్నెండేళ్ళే.

ఒకప్పుడు ఈ పదిహేనేళ్ళు కూడా లేవు. ఒకసారి కమ్యూట్ చేస్తే కోత చచ్చేదాకా కోతే. హెచ్.డి. శౌరీగారు స్థాపించిన ‘కామన్ కాజ్’ సంస్థ వేసిన కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక, కేంద్ర ఉద్యోగులకు పదిహేనేళ్ళ తర్వాత పూర్తి పింఛను ఇచ్చే ఏర్పాటు 1-4-1985 నుండి అమలుకు వచ్చింది. మన రాష్ట్ర పింఛనుదార్లకూ పదిహేనేళ్ళ గడువే వర్తిస్తోంది.

అయితే ఆ రోజున పైకి లేచేదేమిటి? కోసిన ఆ 4,000 మాత్రమే. "ఇప్పుడు నా పింఛను పే రివిజన్లతో 30,000 అయింది, అందులో నలభై వంతులు 12,000 పెరగాలి కదా" అని ఒక మిత్రుడు నాతో వాదించారు. పెరగదండీ. పింఛను సవరించినప్పుడల్లా కొత్త పింఛనులోంచి కోసింది పాత 4,000నే, 12,000 కాదు. కోత ఆగితే వచ్చేదీ అంతే. గడిచిన పదిహేనేళ్ళ బకాయీ ఏమీ రాదు. కరువు భత్యం కూడా దీనితో పెరగదు. ఎందుకంటే అది మొదటి నుంచీ కోతకు ముందున్న పూర్తి పింఛను మీదే కట్టి ఇస్తున్నారు.

ఆడపడుచులు ఈ ఒక్కటి బాగా వినాలి. మా పాత సహోద్యోగి ఒకరు రిటైరైన తొమ్మిదో ఏట కాలం చేశారు. మిగిలిన ఆరేళ్ళ కమ్యుటేషన్ సొమ్ము తానెక్కడ కట్టాలోనని ఆయన భార్య పుస్తెల తాడు అమ్మజూపారు. ఎవరో తెలిసీ తెలియనివారు ‘బాకీ’ అన్నారట. అది బాకీ కాదమ్మా. కుటుంబ పింఛనులోంచి కమ్యుటేషన్ కోత ఉండదు, మిగిలిన సొమ్ము ఎవరూ అడగరు, అడగకూడదు. అదృష్టవశాత్తూ ఆవిడ ముందుగా మా ఇంటికి వచ్చారు.

కోత దానంతట అదే ఆగాలి గాని, ఆగుతుందని కూర్చోకండి. పి.పి.ఓ. తీసి తగ్గింపు ఏ తేదీ నుండి మొదలైందో చూడండి. లెక్క ఆ తేదీ నుండి, రిటైరైన తేదీ నుండి కాదు. రెండూ ఒకటి కాకపోవచ్చు. పదిహేనేళ్ళు నిండడానికి నెల ముందే పి.పి.ఓ. నకలుతో ఒక అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. కాగితం రాయడం కష్టమైనవారు భోజనాలయ్యాక నా దగ్గరకు రండి. తెల్ల కాగితాలూ కార్బనూ తెచ్చాను.