భృతితో నేర్చు వెల్డింగు విద్య

నెల్లూరికి దక్షిణమున, మద్రాసు–విజయవాడ రైలు మార్గముపై వెంకటాచలము ఉన్నది. అచ్చటనుండి తూర్పుగా కృష్ణపట్నము రేవుకు ఒక దారి చీలును. పడమరగా వెలికొండలను తొలిచి ఓబులవారిపల్లెకు వేసిన దారి 2019 సెప్టెంబరులో ప్రారంభమైనది. రేవు నూతనరూపమున 2008లో తెరవబడగా, దాని చేరువ నేలటూరున 800 మెగావాట్ల యూనిట్లతో తాపవిద్యుత్కేంద్రము వెలసినది. పట్టాలు, క్రేనులు, బాయిలరు గొట్టములు – వీనినన్నిటిని పట్టి నిలుపునది అతుకు. ఒక్క గొట్టపు అతుకు కారినచో యూనిటునే ఆపవలసి రావచ్చును. ఆ అతుకు వేయువాని విద్యను గూర్చి నేడు ముచ్చటింతుము.

మన పల్లెలలో ఈ పని నేర్చు పాతపద్ధతి అందరు ఎరిగినదే. కుఱ్ఱవాడు రోడ్డు ప్రక్క షాపులో చేరును. టీ తెచ్చును, ఇనుము మోయును, మేస్త్రీ ప్రక్కన నిలిచి చూచును. నల్లద్దము మేస్త్రీ చేతిలో ఒక్కటే ఉండును. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణములు కంటిపొరను కాల్చగా, బాధ అప్పుడు తెలియక, రాత్రి కండ్లలో ఇసుక పోసినట్లు ఆరంభమగును. మేస్త్రీని నిందించుట మా ఉద్దేశము కాదు. ఆయనయు అట్లే నేర్చినవాడు.

1961 నాటి అప్రెంటిసుల చట్టము వేరొక దారి చూపినది. దాని ప్రకారము యజమానికి, నేర్చువానికి నడుమ ఒప్పందము వ్రాయబడి నమోదు కావలెను. నెలనెల భృతి ఈయవలెను. 2019లో సవరించిన నిబంధనలు కనీస భృతిని అయిదు మొదలు తొమ్మిది తరగతులవరకు చదివినవారికి 5,000, పదవ తరగతివారికి 6,000, ఐ.టి.ఐ. సర్టిఫికెటు గలవారికి 7,000 రూపాయలుగా నిర్ణయించినవి. ముప్పదిమందికి తక్కువగాని పనివారున్న సంస్థ అప్రెంటిసులను తీసికొనక తప్పదు. పనిలో గాయపడినవానికి పరిహారము కలదు.

ఈ చట్టమున మాకు మిక్కిలి నచ్చిన మాట యొకటి కలదు. అప్రెంటిసుకు ముక్కల లెక్కన డబ్బు ఈయరాదు. దీని అంతరార్థమేమి? లెక్కకు పని చేయువాడు త్వరపడును; త్వరపడినవాడు లోపమును పైపూతతో కప్పును. భృతి పొందువాడు మాత్రము చెడిన అతుకును కోసి, మరల వేయగలడు. తప్పు చేసి దిద్దుకొను వ్యవధియే ఆ భృతి కొనిపెట్టునది.

ఆ వ్యవధి ఏల కావలెనో చూడుడు. ఎలక్ట్రోడు రాడ్డుపై పూత కాలి, వాయువై కరిగిన ఉక్కును గాలి సోకనీయదు. తక్కినది స్లాగుగా పైన గడ్డకట్టును. స్లాగును కొట్టి తీయక మరియొక వరుస వేసినచో అది లోపల చిక్కి బలహీనత కలిగించును. సముద్రతీరపు తేమ మరియొక చిక్కు. తక్కువ హైడ్రోజను రాడ్లు చెమ్మ పీల్చినచో, చెమ్మలోని హైడ్రోజను ఉక్కులో చేరి, అతుకు చల్లారిన పిదప కూడ పగులు తేగలదు. కావున వానిని ఓవెనులో కాచి వాడవలెను. బల్లపై అతికినవాడు నిలువుగను, తలపైకి చేయెత్తియు అతుకుటకు మరల మొదటినుండి నేర్చినట్లే శ్రమింపవలెను.

“ఏడాదిపాటు వీని సంపాదన లేకున్న ఇల్లు గడచుటెట్లు?” అని తండ్రులు అడుగుట సహజము. భృతి ఆ ప్రశ్నకు పూర్తి సమాధానము కాదు. కాని అప్పు చేయకుండ ఆపగలదు. ఉద్యోగమిచ్చి తీరవలెనని చట్టము యజమానిని నిర్బంధింపదనియు ముందే తెలిసికొనవలెను. మిగులునది చేతిలోని పని, పరీక్ష నెగ్గినవానికి ఇచ్చు జాతీయ సర్టిఫికెటు.

పిల్లవానిని పంపు పెద్దలు మూడు మాటలడుగవలెను: ఒప్పందము నమోదైనదా? భృతి ఏ తేదీన అందును? వాని ముఖమునకు వేరుగా నల్లద్దపు తొడుగు ఇత్తురా? మూడవది మరువకుడు. చేతిపని మరల నేర్వవచ్చును; చూపు మరల రాదు.