శ్రవణభక్తి – కుక్కబొమ్మ రికార్డు



 నేటి ప్రసంగ విషయం శ్రవణభక్తి. భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది విధాల భక్తిలో మొట్టమొదటిది శ్రవణం. దీనికి పరీక్షిన్మహారాజును ఉదాహరణగా చెప్పడం సంప్రదాయం. నేను ఈనాడు ఒక పాత గ్రామఫోను రికార్డును ఉదాహరణగా తీసుకుంటున్నాను. వేదం చెప్పుకునేవానికి గ్రామఫోనుతో ఏమి పని అని మీరు అనుకోవచ్చు. ఆ పని ఏమిటో చివరలో విన్నవిస్తాను.

మీలో పెద్దవారికి ఆ నల్లని పళ్లెం జ్ఞాపకం ఉండే ఉంటుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల పళ్లెంలో ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట. గంటసేపు రాగం పాడగల విద్వాంసుడు కూడా తన విద్యను ఆ మూడు నిమిషాలలో ఇమిడ్చి పాడవలసి వచ్చేది. మన దేశంలో ఈ ముద్రణ 1902లో కలకత్తాలో ప్రారంభమైంది; ఆ తొలినాళ్లలో పాడినవారిలో గౌహర్ జాన్ ఒకరు. పాట ముగియగానే ఆమె తన పేరు తానే చెప్పుకునేవారు. మైనపు మూల ప్రతులు జర్మనీకి వెళ్లి అక్కడ అచ్చయ్యేవి కనుక, పాడినది ఎవరో అక్కడివారికి తెలియడానికి ఆ ఏర్పాటు.

ఆ పళ్లెం దేనితో చేసేవారో తెలుసునా? లక్కతో. దుర్యోధనుడు పాండవులను దహించడానికి ఇల్లు కట్టించినదీ లక్కతోనే. ఆ లక్క పురుగు పెరిగే చెట్లలో మోదుగ ఒకటి. అదే పలాశం, యజ్ఞంలో సమిధ, బ్రహ్మచారి చేతిలో దండం. వస్తువు ఒక్కటే. ఒకని చేతిలో అది మృత్యుగృహం అయింది, మరొకని చేతిలో నాదానికి నిలయం అయింది.

పళ్లెం మధ్యలో గుండ్రని చీటీ ఉండేది. దానిమీద కంపెనీ గుర్తు. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, ట్విన్, హచ్చిన్స్ – ఇలా ఎన్నో పేర్లు. తెలుగు పద్యనాటకాలు, కీర్తనలు, హరికథలు ఈ చీటీల కిందనే ఊరూరికీ చేరాయి. తరువాత లక్క పోయి వినైలు పళ్లెం వచ్చింది, దాని తరువాత కేసెట్టు, సీడీ, నేడు సెల్‌ఫోను. కంపెనీలు కొన్ని మూతబడ్డాయి, కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కుక్కబొమ్మ కంపెనీ కూడా మన దేశంలో 2000 సంవత్సరంలో పేరు మార్చుకొని ‘సరిగమ’ అయింది. పాత చీటీలను తలచుకొని బాధపడే పెద్దలు నాకు ఎందరో తెలుసు. “స్వామీ, ఇది మోహమా, భక్తియా?” అని ఒకరు నన్ను అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రసంగం.

ముందు ఆ కుక్కబొమ్మనే చూద్దాం. అది ఊహాచిత్రం కాదు. నిప్పర్ అనే కుక్క ఇంగ్లండులో నిజంగా ఉండేది. యజమాని మరణించగా అతని సోదరుడు, చిత్రకారుడైన ఫ్రాన్సిస్ బరాడ్ దానిని పెంచాడు. యంత్రం ముందు చెవి వొగ్గి కూర్చున్న దానిని 1890 దశకం చివర చిత్రించాడు. ఆ చిత్రానికి పెట్టిన పేరుకు ‘తన యజమాని కంఠం’ అని అర్థం. హెచ్.ఎం.వి. అనే మూడక్షరాలు ఆ పేరు సంగ్రహమే. అయ్యా, శ్రవణభక్తికి ఇంతకన్న వేరే వ్యాఖ్యానం కావాలా? యజమాని కంటికి కనిపించడు. కంఠం వినిపిస్తున్నది. వినేవాడు కదలక మెదలక కూర్చున్నాడు.

అయితే వేదవిద్యలో యంత్రానికే కాదు, పుస్తకానికి కూడా చోటు తక్కువ. వేదానికి శ్రుతి అని పేరు. గురువు నోట వినాలి, తిరిగి చెప్పాలి, తప్పితే దిద్దించుకోవాలి. పాణినీయ శిక్ష అధమ పాఠకులను ఆరు విధాలుగా లెక్కించి, వ్రాతను చూసి చదివేవానిని కూడా వారిలో చేర్చింది. మన ఆలయంలోనే చూడండి. తెల్లవారుజామున బంగారు వాకిలి ముందు సుప్రభాతం మనుష్య కంఠంతోనే పఠిస్తారు, రికార్డు వేయరు. ధనుర్మాసంలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. అదీ కంఠంతోనే.

ఈ గర్వం యౌవనంలో నాకు నిండుగా ఉండేది. 1963లో శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతం రికార్డు వచ్చింది. అది ఇంటింటా మ్రోగుతుంటే, ‘యంత్రం పాడితే స్వామి లేస్తాడా’ అని పాఠశాలలో మేము పరిహాసం చేసేవాళ్లం. ఆ రికార్డుపై వచ్చే పారితోషికాన్ని ఆ మహాతల్లి దేవస్థానం వేదపాఠశాలకు సమర్పించిన సంగతి నాకు చాలా కాలానికి తెలిసింది. యంత్రమని నేను నవ్విన ఆ పళ్లెం వేద విద్యార్థుల విస్తరిలో అన్నమైంది. తెలిసిన నాడు తల వంచుకున్నాను.

అంతకన్న పెద్ద తప్పు మరొకటి చేశాను. సుమారు యాభై ఏళ్ల క్రిందట ఒక గృహస్థు టేపు రికార్డరు మోసుకొని మా గురువుగారి ఇంటికి వచ్చాడు. వారి ఘనపాఠం రెండు గంటలైనా పట్టి ఉంచుకుంటానని ప్రార్థించాడు. గురువుగారు నవ్వి, “ఏమిరా, నీవేమంటావు?” అని నన్ను అడిగారు. “గురుముఖం ఉండగా యంత్రం ఎందుకండీ?” అన్నాను. వారు మారు మాట చెప్పలేదు. ఆ గృహస్థు యంత్రం ఎత్తుకొని వెళ్లిపోయాడు. మూడేళ్లకు గురువుగారు స్వామిలో ఐక్యమయ్యారు. నేడు ఒక అనువాకంలో ఒక దీర్ఘస్వరితాన్ని వారు ఎంత సాగించేవారని శిష్యుడు అడిగితే, నేను ఒక విధంగా చెబుతాను, నా సహాధ్యాయి మరొక విధంగా చెబుతాడు. ఇద్దరం ఆ పాదాల వద్ద కూర్చున్నవాళ్లమే. తీర్పు చెప్పే కంఠం లేదు. కుక్కబొమ్మ చూసినప్పుడల్లా నాకు అదే తోస్తుంది. ఆ మూగజీవికి దక్కిన భాగ్యాన్ని నేను చేజేతులా పోగొట్టుకున్నాను.

అందువల్ల నేను తెలుసుకున్నది ఇది. రికార్డు గురువు కాదు. శిష్యుని తప్పును అది దిద్దలేదు. కాని అది సాక్షి. గురువు లేని నాడు, ‘ఇది ఇలా ఉండేది’ అని చెప్పగల సాక్షి.

ఈ కొండ మీదనే దానికి తార్కాణం ఉంది. అన్నమాచార్యులవారు (1408–1503) 32 వేల సంకీర్తనలు రచించారని ప్రసిద్ధి. వాటిని రాగిరేకులపై చెక్కించి ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచారు. శతాబ్దాలపాటు అవి వెలుగు చూడలేదు. ఇరవయ్యవ శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వంటి పండితుల కృషి వల్ల లోకానికి అందాయి. నేడు దొరుకుతున్నవి అందులో సగం కన్న తక్కువే. ఆ రేకులపై సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య పాడిన వరుస ఏదో చెప్పగల పరంపర అప్పటికే తెగిపోయింది. కనుక రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) వంటి విద్వాంసులు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. రాగి అక్షరాన్ని నిలిపింది, కంఠాన్ని నిలపలేకపోయింది. కంఠాన్ని నిలిపే సాధనం ఆ తరువాత నాలుగు వందల ఏళ్లకు, లక్క పళ్లెంగా వచ్చింది. దానిని మనం అటకమీద పడవేశాం.

1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పింది. తరువాత ఎం.ఎస్. అమ్మ బాలాజీ పంచరత్నమాల రికార్డులు వచ్చాయి. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు వందల సంకీర్తనలకు వరుసలు కట్టి పాడారు. 2025 మార్చిలో వారు పరమపదించారు. వారి కంఠం మాత్రం నేడు కూడా మన ఇళ్లలో వినిపిస్తున్నది. అన్నమయ్యకు లేని సాక్షి వారికి ఉంది.

ఇక ఆ ప్రశ్నకు సమాధానం. జీర్ణమైన వస్త్రాన్ని విడిచి నూతన వస్త్రం ధరించినట్లు జీవుడు దేహం మారుస్తాడని గీతాచార్యుడు ఉపదేశించాడు. లక్క పోయి వినైలు రావడం, కంపెనీ పేరు మారడం వస్త్రం మారడమే. దానికి వగచడం మోహం. అయితే ఒక భేదం గమనించాలి. జీవునికి మరో దేహం కర్మవశాన వస్తుంది. పాటకు అలా రాదు. ఎవరో ఒకరు పూనుకొని దానిని కొత్త దేహంలోకి చేర్చాలి. అలా పూనుకోవడం భక్తి. తిరిగి అచ్చుకాని పాటకు మీ ఇంటి పళ్లెమే మిగిలిన ఏకైక ప్రతి కావచ్చు.

కనుక నా విన్నపం. ఇంటికి వెళ్లగానే అటక వెతకండి. లక్క రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చకండి, నిలువుగా పెట్టండి. ఎండ తగలనీయకండి. స్పిరిటుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. పాత ఉక్కు ముల్లుతో మళ్లీ మళ్లీ వేసి అరగదీయకండి. తెలిసినవారి చేత కంప్యూటరులోకి ఎక్కించండి. చీటీ మీది పేరు, సంఖ్య కూడా వ్రాసిపెట్టండి.

అది చేసిన తరువాత రెండవ పని. విన్న పాటలో ఒక్కటైనా మీ మనుమరాలికి మీ నోటితో నేర్పండి. సాక్షిని కాపాడుకోవాలి, పరంపరను నడపాలి. మొదటిది నేను చేయలేదు. రెండవది చేతనైనంత చేస్తున్నాను. మీరు రెండూ చేయండి. మీ ఇంట పెద్దవారు ఉంటే, వారి పాటను, వారి స్తోత్రపాఠాన్ని ఈ సాయంత్రమే పట్టి ఉంచండి. రేపటికి వాయిదా వేయకండి.

సర్వం శ్రీ వేంకటేశ్వరార్పణమస్తు.