వాడ పోయినను ప్రాణము నిలిచినది

(వాడరేవు సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము. ఆధార వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము)

 

కష్టకాలములో దేవుని వాక్యము మనకెట్లు ధైర్యమిచ్చునో నాలుగు మాటలు చెప్పుమని మీ పెద్దలు నన్ను కోరినారు. ప్రసంగమునకు మూలము వెదకుచుండగా అది మీ ఊరి పేరులోనే దొరికినది. పాత తెలుగులో వాడ యనగా ఓడ. ఓడలు నిలుచు రేవు గనుక ఇది వాడరేవు. 1970 వరకు ఈ ఊరు గుంటూరు జిల్లాలో ఉండినది. తరువాత ప్రకాశము జిల్లాలోనికి వచ్చినది. 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినను మీ ముంగిటనున్న సముద్రము మారలేదు. అది అన్నము పెట్టుచునే యున్నది, ఒక్కొక్కసారి అన్నము తినవలసినవానిని తీసికొని పోవుచునే యున్నది. కాబట్టి ఓడ పగిలిన కథను మీకు నేను కొత్తగా వివరింపనక్కరలేదు. గాలి తిరుగుట ఎట్లుండునో నాకంటె మీకే బాగుగా తెలియును.

అయితే ఆ కథకు ముందు నా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకొనవలెను. నేను వేదాంత కళాశాల విడిచి పరిచర్యలో ప్రవేశించిన తొలి దినములలో తీరగ్రామమొకదానిలో ఒక తల్లిని పరామర్శింప వెళ్ళితిని. వేటకు పోయిన పడవ తిరిగి వచ్చినది, ఆమె కుమారుడు తిరిగి రాలేదు. నేను గడప దాటి లోపలికి వెళ్ళి, కూర్చుండకమునుపే రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయము తెరచి, దేవుని ప్రేమించువారికి అన్నియు మేలుకొరకే కూడి జరుగునను ఆ మాటను వివరింప మొదలుపెట్టితిని. కళాశాలలో నేర్చినదంతయు ఆమె ముందు కుమ్మరించితిని. ఆమె కొంతసేపు విని, "అయ్యగారూ, ముందు కూర్చోండి" అన్నది. నేను కూర్చుంటిని. "ఆ మాట నాకు తెలుసయ్యా. నేనే నలుగురికీ చెప్పినదాన్ని. ఇయ్యాళ అది చెవుల్లోకొస్తంది గాని లోపలికి దిగట్లా. నాలాగా ఏడ్చినోళ్ళు ఆ పుస్తకంలో ఎవరన్నా ఉంటే, వాళ్ళది చదవండి" అన్నది.

నాకు సిగ్గు వేసినది. చేతులు వణకుచుండగా 88వ కీర్తన తీసితిని. ఆ కీర్తన మీరెరుగుదురు. తక్కిన విలాప కీర్తనలు చాలమట్టుకు ఏడ్పుతో మొదలై స్తుతితో ముగియును. ఇది అట్లు ముగియదు. తన రక్షణకర్తయగు దేవునికి రాత్రింబగళ్ళు మొఱ్ఱపెట్టినవాడు చివరకు చీకటిలోనే మిగిలినట్లు అది ఆగిపోవును. చదివి ఊరకుంటిని. ఆమె "మళ్ళీ చదవండి" అన్నది. మూడుసార్లు చదివితిని. మూడవసారి ఆమె పెద్దగా ఏడ్చినది. ప్రక్కయింటి స్త్రీ గంజి తెచ్చి ఇచ్చినది. మూడు దినములు ఏమియు ముట్టని ఆ తల్లి ఆ గంజి త్రాగినది. ఆ దినమున ఆ యింట వాక్యోపదేశము చేసినది నేను కాదు, ఆమెయే.

ఆమె వలన నేను నేర్చుకొన్న మొదటి పాఠమిది: పరిశుద్ధ గ్రంథము మన కన్నీటిని దాచదు. యోబు తాను పుట్టిన దినమును శపించినాడు. యిర్మీయా విలపించినాడు. అంజూరపు చెట్టు పూయకపోయినను, పొలము పండకపోయినను దేవునియందు సంతోషింతునని చెప్పిన హబక్కూకు, తన గ్రంథము ఆరంభమున ఎంతకాలము మొఱ్ఱపెట్టవలెనని దేవునినే నిలదీసి అడిగినాడు. మన ప్రభువు సిలువ మీద 22వ కీర్తన మొదటి మాటలతోనే కేక వేసినాడు. ఏడ్చువానిని అవిశ్వాసి యనుటకు మనమెవరము?

రెండవ మాట మరింత కష్టమైనది. 1977 నవంబరు 19వ తేదీ ఈ తీరము మరువలేని దినము. నేను అప్పటికి పుట్టలేదు గాని మా యింట ఆ రాత్రి కథ వినకుండ పెరిగిన బిడ్డ లేడు. ఆ తుఫానుకు, ఉప్పెనకు దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకొని పోయినవి. ప్రభుత్వ లెక్కప్రకారమే మృతులు సుమారు 10,000 మంది. మనకు దగ్గరనున్న బాపట్లలో, ప్రాణము దక్కించుకొనుటకు దేవాలయములో తలదాచుకొన్నవారి మీద ఆ కట్టడము కూలి ఎందరో మరణించినారు.

దేవుని మందిరములోనికి పరుగెత్తినవారి మీద మందిరమే ఎందుకు కూలవలెను? ఈ ప్రశ్న నన్ను అడిగినవారున్నారు. దీనికి జవాబు నా యొద్ద లేదు. ఉన్నట్లు నటించిన యెడల దేవుని యెదుటను మీ యెదుటను అబద్ధికుడనగుదును. అయితే ఒకటి తెలియును. లూకా సువార్త 13వ అధ్యాయములో సిలోయములోని గోపురము కూలి పదునెనిమిది మంది చనిపోయిన సంగతి ప్రభువే ఎత్తినాడు. వారు యెరూషలేములోని తక్కినవారికంటె ఎక్కువ అపరాధులా యని అడిగి, కాదని తానే చెప్పినాడు. ఆ వార్త విన్నవారే తమ్మును తాము చూచుకొని మారుమనస్సు పొందవలెనన్నాడు. కాబట్టి చనిపోయినవారి సమాధి మీద పాపపు లెక్కలు వ్రాయవద్దు. పడవ మునిగిన యింటికి వెళ్ళి, ఏదో లోపముండుటచేతనే ఇట్లయినదని గుసగుసలాడవద్దు. అది ప్రభువు నోరు మూసిన మాట. దానిని మరల మనము తెరవకూడదు.

ఆ విపత్తు తరువాత ఈ తీరము పొడవున తుఫాను రక్షిత భవనములు కట్టినారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరనే తీరము దాటినది. పొలములలోని వరి నీట మునిగినది, రైతు గుండె మునిగినది. కాని ముందుగా హెచ్చరించి జనులను తరలించినందున ప్రాణనష్టము 1977తో పోల్చరానంత తక్కువ. ఓడ బయలుదేరకమునుపు పౌలు కూడ హెచ్చరించినాడు. శతాధిపతి ఆ మాట వినక నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మినాడు. వాతావరణ హెచ్చరిక విని పడవను ఒడ్డున కట్టివేయుట విశ్వాసలోపము కాదు. దేవుడిచ్చిన చెవిని ఉపయోగించుటయే.

మూడవ మాట. మన ప్రాంతపు సంఘముల చరిత్రలోనే ఒక సాక్ష్యమున్నది. 1876 నుండి 1878 వరకు మహా కరవు ఈ దేశమును దహించినది. అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు పరిచర్య చేయుచుండిరి. ఆయన పూర్వము సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టుగా తీసికొని, ఆకలితో వచ్చిన వేలాదిమందికి పని చూపి కూలి ఇచ్చినారు. దినమంతయు మట్టి మోసి అలసి కూర్చున్నవారి నడుమ మన తెలుగు బోధకులు కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని తన యొద్దకు రమ్మని ప్రభువు పిలిచిన మత్తయి 11వ అధ్యాయపు మాటను చెప్పుచుండిరి. తట్ట నెత్తిమీదనుండి అప్పుడే దించినవానికి భారమనగా ఏమో వేరుగ వివరింపనక్కరలేదు గదా! ఆ వాక్యము వారి గుండెలకు హత్తుకొన్నది.

ఇక్కడ గమనింపవలసిన సంగతి యొకటున్నది. ఆ కరవు దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారు అనేకులు. అయినను క్లౌగారు సంవత్సరమునకు పైగా ఎవరికిని బాప్తిస్మము ఇయ్యనియ్యలేదు. గింజల కొరకు వచ్చినారను మాట రాకూడదని, సహాయము ముగియువరకు ఆగినారు. సహాయము ముగిసిన పిమ్మటను జనులు వచ్చుట ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమే 2,222 మంది, మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందినారు. ఈ సంఖ్యలు చెప్పుకొని మనము ఉప్పొంగుదుము. నాకు మాత్రము సంఖ్యకంటె ఆ ఆగుటయే గొప్పగా తోచుచున్నది. ఆకలిగొన్నవానికి అన్నమును వాక్యమును రెండును ఇచ్చినారు గాని, ఒకదానికి మరియొకటి ఎరగా వేయలేదు. ఎర సంగతి మీకు తెలియును. ఎర వేయువాడు చేపను ప్రేమించి వేయడు.

ఇక మన అధ్యాయమునకు వత్తము. కొరింథీయులకు రెండవ పత్రిక 11వ అధ్యాయము ప్రకారము పౌలుకు అప్పటికే మూడుసార్లు ఓడ పగిలినది. ఇది నాలుగవది. విశ్వాసికి తుఫాను ఒక్కసారియే వచ్చునని ఎవరును మనకు మాట ఇయ్యలేదు. అనేక దినములు సూర్యుడైనను నక్షత్రములైనను కనబడలేదు. దిక్సూచి లేని కాలములో అవి కనబడకపోవుట యనగా దారి లేకపోవుట. తప్పించుకొందుమను ఆశ బొత్తిగ పోయినది. అటువంటి చీకటిలో దేవుని మాట పౌలుకు వచ్చినది. ఆ మాట తుఫానును ఆపలేదు. ఓడ పోవును, ప్రాణములు నిలుచును అని మాత్రము చెప్పినది.

పదునాలుగవ రాత్రి లోతు చూచినారు. మొదట ఇరువది బారలు, కొంచెము ముందుకు పోగా పదునైదు బారలు. రాతిచోటు తగులునను భయముతో నాలుగు లంగరులు వేసి, ఎప్పుడు తెల్లవారునాయని కాచుకొనియుండిరి. అంతలో ఓడవారు కొందరు చిన్న పడవ దించి తాము మాత్రము పారిపోజూచినారు. వీరు ఓడలో ఉండనియెడల మీరు తప్పించుకొనలేరని పౌలు చెప్పగానే సైనికులు ఆ పడవ త్రాళ్ళు కోసివేసినారు. కష్టము వచ్చినప్పుడు సంఘములోనుండి ఎవరి పడవ వారు దించుకొని పోవుట మనకును అలవాటే. చేతిలో నాలుగు రూపాయలున్నవాడు అప్పులపాలైన సహోదరుని వీధిలో చూచి ముఖము త్రిప్పుకొనును. ఆ త్రాళ్ళు కోయవలసినవే.

తరువాత పౌలు ఏమి చేసినాడు? ప్రసంగించినాడా? తినుమని బతిమాలినాడు. రొట్టె పట్టుకొని అందరి యెదుట దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి తిన మొదలుపెట్టగా, ఓడలోనున్న 276 మందియు ధైర్యము తెచ్చుకొని తినినారు. బదరీవృక్షము క్రింద చావును కోరుకొన్న ఏలీయాకును దేవుని దూత ఇచ్చినది గద్దింపు కాదు. నిద్ర, అప్పము, నీళ్ళు. ఇది 1 రాజులు 19వ అధ్యాయములో ఉన్నది.

ఈ మాట మెట్ట పొలముల నుండి వచ్చిన మీ కొరకు ప్రత్యేకముగా చెప్పుచున్నాను. 1997-98లో పత్తి రైతును పురుగు ముంచినది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూత మీద పడి గుంటూరు, ప్రకాశము రైతులను ముంచినది. పంట పోయినను కౌలు కట్టవలెను, పురుగుమందు దుకాణమువానికి అప్పు తీర్చవలెను. అట్టి రాత్రి ఇక బ్రదుకు వద్దనిపించినవాడు మన బల్లల మీదనే కూర్చుండియుండవచ్చును. సహోదరుడా, అప్పు మోయలేకపోవుట పాపము కాదు. సిగ్గుపడి దానిని ఒంటరిగా మోయవద్దు. నీ భార్యతో చెప్పుము, సంఘ పెద్దతో చెప్పుము, అర్ధరాత్రియైనను పాస్టరు తలుపు తట్టుము. సంఘమా, అట్టివాడు వచ్చినప్పుడు అతనిని ఒంటరిగా పంపవద్దు. మొదట అన్నము పెట్టుము. తోడుగా అతని యింటివరకు నడువుము. లెక్కలు తెల్లవారిన తరువాత కలిసి చూడవచ్చును.

చివరకు ఓడ బద్దలైనది. ఈత వచ్చినవారు దూకి ఈదినారు. తక్కినవారు పలకల మీదను, ఓడ చెక్కల మీదను తేలి ఒడ్డు చేరినారు. అందరును బ్రదికినారు. ఈత రానివారిని దేవుడు విడిచిపెట్టలేదు, వారికి పలక దొరికినది. వాక్యము మనకు అట్టి పలక. నడి సముద్రములో పుస్తకము తెరువలేము, దీపము వెలిగింపలేము. హృదయములో నున్నదే చేతికి అందును. చదువు రాని మన అమ్మమ్మలు, నాయనమ్మలు కీర్తనలను కంఠస్థము చేసినది ఇందుకే. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము గదా! వలలు బాగుచేసికొను ఆ దినములలో ప్రతి కుటుంబము ఒక కీర్తనను బిడ్డలతో కూడ కంఠస్థము చేయవలెనని నా మనవి. వల బాగు చేయుట వేట దినమున కాదు, వేటకు ముందే.

డయాసిస్ శతవత్సర పండుగను ఆచరించుచున్న మనము కట్టిన దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుకొందుము. అది మంచిదే. కట్టడములు వాడల వంటివి. ఎంతో ఉపయోగపడును, ఎప్పుడో ఒకనాడు పగులును. ఈ నూరు సంవత్సరములు సంఘమును నిలిపినది గంజి గిన్నెతో పొరుగింటికి నడిచినవారు, తెలిసిన ఒక్క వాక్యమును విడువకుండ పట్టుకొన్నవారు. వారి పేరులు ఈ సంచికలో ఉండవు. జీవగ్రంథములో ఉండును.

ఆ తల్లి ఇప్పుడు లేదు. ఆమె చివరి దినములలో నేను వెళ్ళినప్పుడు, ఈసారి ముందుగా కూర్చుంటిని. ఏమి చదవమందువమ్మా యని అడిగితిని. "రోమా ఎనిమిది చదవండయ్యా. ఇప్పుడు దిగుద్ది" అన్నది.

దేవుడు తన వాక్యమును మనలో ప్రతివానికిని తగిన కాలమందు లోపలికి దిగజేయును గాక. ఆమేన్.