మన వీధిలో ఎవరుండాలి?



న్యూజెర్సీలో ఇల్లు కొనేముందు మనం బడి రేటింగ్ చూస్తాం. ఆ బడి చుట్టూ అన్నీ పెద్ద స్థలాల్లో విడివిడి ఇళ్ళే ఎందుకున్నాయో అడగం. జవాబు జోనింగ్ నిబంధనల్లో ఉంది. వాటిలో జాతి ఊసే ఉండదు. స్థలం ఇంత ఉండాలి, అపార్ట్‌మెంట్లు కూడదు, అంతే. 1930లలో ఒక ఫెడరల్ సంస్థ నల్లవారి పేటలకు పటాల మీద ఎర్రరంగు పూసింది. మరొకటి అలాంటి పేటల్లో గృహరుణాలకు పూచీ ఉండనంది. అలా తరాలపాటు ఆస్తి కూడనివ్వకుండా చేశాక, ఆ కుటుంబాలను దూరంగా ఉంచడానికి స్థలం కొలత ఒక్కటే సరిపోయింది.

మన రాష్ట్రంలోనే మౌంట్ లారెల్ ఉంది. తరతరాలుగా అక్కడున్న నల్లజాతి కుటుంబాలలో కొన్ని, కోళ్ళ షెడ్లను ఇళ్ళుగా మార్చుకుని బతికేవి. తమ కోసం 36 అపార్ట్‌మెంట్లు కట్టుకుంటామంటే టౌన్‌షిప్ ఒప్పుకోలేదు. 1970లో మేయరు వాళ్ళ చర్చికే వచ్చి, ఇక్కడ ఉండే స్తోమత లేనివాళ్ళు వెళ్ళిపోవలసిందేనన్నాడు. ఆ మాట విన్నవాళ్ళలో ఎథెల్ లారెన్స్ ఒకరు. పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసే తల్లి. నల్లవారి హక్కుల సంస్థ ఎన్ఏఏసీపీ వేసిన దావాలో ఆమె ముందు నిలిచారు. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు, తక్కువ ఆదాయం వారి ఇళ్ళకు ప్రతి ఎదిగే పట్టణమూ తన న్యాయమైన వాటా చోటివ్వాలని తీర్పిచ్చింది. పట్టణాలు కదలకపోతే 1983లో మళ్ళీ గట్టిగా చెప్పింది. ఎథెల్ 1994లో కన్నుమూశారు. మౌంట్ లారెల్‌లో ఆమె పేరున్న ఇళ్ళలోకి జనం చేరింది 2000లో. న్యాయం గెలిచాక కూడా పాతికేళ్ళు!

ఆ ఇళ్ళు వస్తే నేరాలు పెరుగుతాయి, ఇంటి ధర పడిపోతుంది అన్నారు వ్యతిరేకించినవారు. ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం ఆ ఇళ్ళు వచ్చాక మౌంట్ లారెల్‌ను చుట్టుపక్కల పట్టణాలతో పోల్చి చూసింది. నేరాలూ పెరగలేదు, ధరలూ పడలేదు, పన్నులూ పెరగలేదు. ఆ అధ్యయనం 2013లో పుస్తకంగా వచ్చింది. అయినా అదే భయం ప్రతి ప్లానింగ్ బోర్డు సమావేశంలోనూ వినిపిస్తుంది. ఆ మాట మన తెలుగు గొంతుల్లో వినిపించినప్పుడు నాకు బాధేస్తుంది. మనకు ఈ దేశపు తలుపు తెరిచిన 1965 వలస చట్టం నల్లవారి పౌరహక్కుల పోరాటం వేడిలో పుట్టింది. ఇల్లు అద్దెకడిగితే ముందు కులం అడిగే ఊళ్ళ నుంచి వచ్చాం. వాడను ఊరికి దూరంగా ఎందుకు పెట్టారో మనకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

2024లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం 2025 నుంచి 2035 దాకా పట్టణాలు తమ వాటాకు ప్రణాళిక వేసి చూపాలి. మీ టౌన్‌షిప్ ప్రణాళిక తెప్పించుకుని చదవండి. ఏ స్థలంలో ఎన్ని ఇళ్ళు, అందులో బాగా తక్కువ ఆదాయం వారికెన్ని, పిల్లలున్న కుటుంబాలకు సరిపడా పడకగదులున్నాయా చూడండి. బోర్డు ముందు లేచి, మీ వీధి పేరు చెప్పి, కట్టండి అనండి. వ్యతిరేకించేవారు ఎలాగూ వస్తారు, కావాలనేవారే రారు. నల్లవారి చర్చిలు, అద్దెదారుల సంఘాలు ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాయి. పెత్తనానికి కాదు, పక్కన కూర్చోవడానికి వెళ్ళండి.

భోజనాలకు లేచేముందు పట్టణాలవారీగా నిలబడి ఫోన్ నంబర్లు తీసుకోండి. ఒక్కో పట్టణం నుంచి ఇద్దరు చాలు, వచ్చే బోర్డు సమావేశానికి.