ఏనుగు సినిమా, మన పొలం గట్టు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



'ది ఎలిఫెంట్ విస్పరర్స్' డాక్యుమెంటరీకి 2023లో ఆస్కార్ వచ్చింది. తమిళనాడు ముదుమలై అడవిలో బొమ్మన్, బెల్లి అనే ఆదివాసీ దంపతులు రఘు అనే గున్న ఏనుగును కన్నబిడ్డలా సాకుతారు. చూడాల్సిన సినిమా. అయితే రఘు తల్లి ఎలా చచ్చిపోయింది? కరెంటు షాక్ కొట్టి. మనం ఆగి ఆలోచించాల్సింది అక్కడే.

మన చిత్తూరు జిల్లాలో కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగితే చెరుకు, అరటి, వరి ఒక్క రాత్రిలో నేలమట్టం. అప్పు మాత్రం అలాగే ఉంటుంది. కాపలాకు పోయిన రైతు ప్రాణమే పోయిన సందర్భాలున్నాయి. ఆ బాధ మీదికి కూడా కెమెరా తిరగాలి.

అయినా ఒక మాట గట్టిగా చెబుతున్నాను. లైను నుంచి నేరుగా కంచెకు కరెంటు పెట్టొద్దు. అది ఏనుగునే కాదు, చీకట్లో నీళ్లు కట్టను పోయే మనిషినీ, మన ఎద్దునూ చంపుతుంది. పైన కేసు, జైలు. సరిగ్గా బిగించిన సోలార్ కంచె వేరు. అది ఆగి ఆగి క్షణకాలం షాక్ కొట్టి వెనక్కి తోలుతుంది, ప్రాణం తీయదు.

ఆ కంచె ప్రభుత్వమే వేయాలి, పాడైతే బాగుచేయాలి. పంట నష్టానికి పరిహారం తర్వాతి పంట పెట్టుబడికి అందేలా ఇవ్వాలి, కౌలు రైతుకూ ఇవ్వాలి. 2025 మేలో కర్ణాటక మనకు 4 కుమ్కీ ఏనుగులను ఇచ్చింది. సంతోషం. అవొక్కటే చాలవు.

ఈ సినిమా మీ ఊళ్లో వేయండి. అయిపోగానే పరిహారం అర్జీ మీద అక్కడికక్కడే సంతకాలు పెట్టించండి.