విన్నవాడే నిలబెట్టాడు

 

మన ఆదిలాబాద్ వైపు ప్రధాన్‌ల దగ్గర కమానుతో వాయించే కిక్రీ ఉంది, ఊదే పెప్రె ఉంది. దూరాన ఉన్న ఐర్లాండ్‌లో కూడా ఒక గాలి వాయిద్యం, ఒక కమాను వాయిద్యం జంటగా మోగుతాయి. వాటి గురించి ఈరోజు నాలుగు మాటలు చెబుతాను.

గాలి వాయిద్యం పేరు ఇలిన్ పైప్స్. వాళ్ల భాషలో ఆ పేరుకు మూలం మోచేయి. దీన్ని నోటితో ఊదరు. ఒక చేతి కింద చిన్న తిత్తి, రెండో చేతి కింద గాలి సంచి ఉంటాయి. మోచేతితో తిత్తిని నొక్కితే గాలి సంచిలోకి వెళ్తుంది. వేళ్లతో వాయించే గొట్టం మీద పాట పలుకుతుంది. పక్కన మరో మూడు గొట్టాలు ఎడతెగకుండా శ్రుతి పడతాయి. రెండో వాయిద్యం మనందరికీ తెలిసిన ఫిడేలు.

ఈ జంట వాయిద్యంలో ఒకరు పాట, ఇంకొకరు వంత అని ఉండదు. ఇద్దరిదీ ఒకే పాట, ఒకే వరుస. గమకాలు మాత్రం ఎవరివి వారివే. పైపుల శ్రుతిని అప్పటికప్పుడు మార్చడం కష్టం. అందుకని ఫిడేలు పట్టినవాడే తన తీగలను పైపులకు సరిచేసుకుంటాడు. అంటే ముందు వినాలి, ఆ తర్వాతే వాయించాలి.

ఇప్పుడు ఇద్దరు మనుషుల కథ చెబుతాను. జానీ డోరన్ గొప్ప పైపర్. గుర్రబ్బండిలో ఊరూరా తిరిగే ట్రావెలర్ల కుటుంబంలో పుట్టాడు. సంతల్లో, పందేల దగ్గర వాయించి బతికాడు. స్థిరపడ్డ జనం ట్రావెలర్లను చిన్నచూపు చూసేవారు. అయినా 1930లలో ఆయన బండి క్లేర్ ప్రాంతానికి వచ్చినప్పుడు, మిల్టౌన్ మాల్బే కుర్రాడు విల్లీ క్లాన్సీ ఆ వాదన విని పైపులు పట్టాడు.

జాన్ కెల్లీ ఫిడేలు వాద్యకారుడు. డబ్లిన్‌లో చిన్న దుకాణం నడిపేవాడు. డోరన్ ఆరోగ్యం బాగాలేదని గమనించి, ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్‌లో పనిచేసే కెవిన్ డానహర్‌కు కబురు చేశాడు. అలా 1947లో డోరన్ వాదన రికార్డయింది. 1948 జనవరిలో డోరన్ బండి మీద గోడ కూలింది. ఆయన మళ్లీ కోలుకోలేదు. 1950లో చనిపోయాడు. కెల్లీ కొన్ని నెలలు ఆలస్యం చేసి ఉంటే మనకు ఏమీ మిగిలేది కాదు. ఒక ఫిడేలు వాద్యకారుడు ఒక పైపర్ విలువ గుర్తించి, సమయానికి కదిలాడు. జరిగింది అంతే.

విల్లీ క్లాన్సీ 1973లో చనిపోయాడు. అదే ఏడాది ఆయన పేరుతో మిల్టౌన్ మాల్బేలో వేసవి సంగీత పాఠశాల మొదలైంది. అది ఇప్పటికీ నడుస్తోంది. 2017 మార్చిలో ఐర్లాండ్ ప్రభుత్వం ట్రావెలర్లను ప్రత్యేక జాతి సముదాయంగా గుర్తించింది. అదే ఏడాది డిసెంబరులో యునెస్కో ఇలిన్ పైప్స్ వాదనను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. డోరన్ ఈ రెండూ చూడలేదు. గుర్తింపు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. అది వచ్చేదాకా కళ బతికి ఉండాలి కదా!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కెల్లీ చేసిన పని మీరూ చేయగలరు. మీ అందరి చేతుల్లో ఫోన్ ఉంది. మీ గూడెంలో వాయించే తాత దగ్గర కూర్చోండి. ఆయనను అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. ఆయన పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఏ సందర్భంలో పాడతారో రాసిపెట్టండి. కొన్ని పాటలు దేవుడి ముందు తప్ప బయట పాడకూడదని ఆయన అంటే, ఆ మాటకు కట్టుబడండి. వాట్సాప్‌లో పంచొద్దు.

ఒక్క మాట మరిచిపోవద్దు. రికార్డు ఉన్నంత మాత్రాన కళ బతకదు. క్లాన్సీ విని ఊరుకోలేదు, వాయిద్యం చేతికి తీసుకున్నాడు. తాత ఎదురుగా కూర్చుని, ఆయన శ్రుతికి మీ తీగ సరిచేసుకోండి. ఆయన పాటే వాయించండి. గమకం మీదిగానే ఉండనీయండి.